అల్లం ఘాటనుకున్నాం

ఫోన్లో ఆకుపచ్చ చుక్క కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. జహీరాబాద్ అని కొట్టగానే వచ్చి నిలబడుతుంది, కింద "గాలి బాగుంది" అని రాసి ఉంటుంది. ఎవరు పీల్చి చూసి రాశారయ్యా? ఎవరు కొలిచారు? మా ఊళ్ళో ఓజోన్ కొలిచే మీటరు ఏ గోడకు పెట్టారో చూపించండి, నేనే వెళ్ళి దండం పెట్టి వస్తానని ఏడాదిగా అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. చుక్క మాత్రం పచ్చగానే ఉంది.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఆ మాట చెప్పుకోవడానికి ఈ మధ్య సిగ్గుగా ఉంటోంది. ఎందుకో ఈ కథలోనే తెలుస్తుంది.

మా అన్న హైదరాబాద్‌లో సిటీ బస్సు నడిపాడు. ఉద్యోగమంతా ఆ ఇంజను వేడిలో, ముందు బస్సు వదిలే పొగలో. రిటైరయ్యే నాటికి దమ్ము పట్టుకుంది. ఉబ్బసాన్ని మా వైపు దమ్ము అనే అంటారు. వదిన పోయాక ఒక చౌరస్తా పక్కన కిరాయి గదిలో ఒక్కడే ఉండేవాడు. కిటికీ తీస్తే బస్సులు, ఆటోలు, హారన్లు. చూసినప్పుడల్లా నాకు గుండె తరుక్కుపోయేది.

"అన్నా, ఇగ ఆ పొగల ఉండకు. ఇంటికి రా. ఇక్కడ గాలి మంచిగుంటది," అన్నాను. 

"గిన్నేండ్లు గీ పొగలనే బతికిన. ఇప్పుడు కొత్తగ ఏమైతదే?" అన్నాడు.

వదల్లేదు నేను. అన్నం మానేస్తానన్నాను, మాట్లాడనన్నాను, ఏడ్చాను కూడా. చివరికి పెట్టె సర్దుకుని వచ్చాడు. ఆ రోజు నేను గెలిచానని ఎంత సంబరపడ్డానో తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అన్న ఇంటికి రావడానికి ఇంకొక కారణం ఉంది, అది పాట. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఒక్కో మాటకు ముందు ఒక పాట. ఐదో మాట ముందు పాట మా ఇంటిది. పుస్తకంలో ఉన్నది కాదు, మా నాయన కట్టుకున్నది. నాయన ఉన్నన్నాళ్ళూ నాయన పాడాడు, ఆ తరువాత అన్న. ఎన్ని డ్యూటీలున్నా ఆ రోజు సెలవు పెట్టి వచ్చేవాడు. ఆ పాటలో మూడో చరణం దగ్గర ఒక మాటను ఒక్క గుక్కలో సాగదీయాలి, నడుమ ఊపిరి తీసుకోకూడదు. నాయన అక్కడికి వచ్చేసరికి షామియానా కింద ఒక్క పిల్ల కూడా కదిలేది కాదు. పాట ఎవరూ రాసిపెట్టుకోలేదు. నాకు పల్లవి వచ్చు, గొంతు రాదు. అన్న దగ్గర ఆగిపోతే అది ఇంక లేనట్టే.

"ఈసారి ఆ గుక్క పట్టగల్తనా లేదా అని నాకే భయం ఐతుంది," అన్నాడు ఇంటికొచ్చిన వారంలోనే.

"పొలం గాలి పీలిస్తే పట్టగల్తవు. నేనున్న కదా," అన్నాను.

నేనున్నాను కదా మరి! ఎంత పకడ్బందీగా చేశానో వినండి. మా ఇల్లు హైవేకు దగ్గర. పొద్దున్నే బొంబాయి లారీలు, కొత్త ట్రాక్టర్లను మోసుకుపోయే పొడుగు బండ్లు, చెరుకు లోడు. అందుకని తెల్లవారగానే కిటికీలన్నీ మూసేసేదాన్ని. మా వాడకట్టులో అందరూ అదే చేస్తారు. పదకొండు దాటాక పొగ సర్దుకుంటుందని తలుపులు బార్లా తెరుస్తారు. దవాఖాన నుంచి వచ్చిన మనిషిని ఎవరినైనా సరే, మధ్యాహ్నం తిన్నాక చేనుకు తీసుకుపోయి కూర్చోబెట్టడం మా దగ్గర అలవాటు. చేను గాలి తగిలితే సగం రోగం పోతుందంటారు.

కోహీర్ రోడ్డు మీద మాకు రెండెకరాల అల్లం చేను ఉంది. గట్టు మీద జామచెట్లు. మొదట్లో అన్నను ఆటోలో పంపేదాన్ని. ఒంటిపూట బడులు మొదలయ్యాక బడి నుంచి రాగానే నేనే అన్నం పెట్టి, స్కూటీ మీద ఎక్కించుకుని, ఒంటిగంటకల్లా జామచెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. నాలుగున్నర దాకా కదలనిచ్చేదాన్ని కాదు. ఆకాశం చూస్తే గాజుపలకలా ఉండేది. పొగ లేదు, దుమ్ము లేదు. "పీల్చన్నా, లోపటిదాక పీల్చు," అనేదాన్ని. అన్న బుద్ధిగా పీల్చేవాడు.

అప్పుడు అల్లం తవ్వుతున్నారు. కూలి ఆడవాళ్ళ గుంపును తీసుకొచ్చే అక్క ఒకామె ఉంది, నాకంటే పదేళ్ళు పెద్దది, నోరున్న మనిషి. ఆమె ఒకరోజు గడ్డపార పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అన్నది.

"టీచరమ్మా, పగటీలి, అన్నం యాళ్ళ ఐతే సాలు, కండ్లు మండుతున్నయి. గొంతుల గీరినట్టయితది. పొద్దుగాల గిట్ల ఉండది."

"అల్లం గదా అక్కా. ఘాటు," అన్నాను నేను.

అందరూ నవ్వారు. అల్లం తవ్వేటోళ్ళకు దగ్గు రాకపోతే ఇంకెవరికి వస్తుందని ఒకామె ఎకసెక్కం చేసింది. అన్నకు దగ్గు తెర వచ్చినా అదే మాట. అల్లం ఘాటు. పచ్చి అల్లం తవ్వినప్పుడు మట్టితో కలిసి ముక్కుకు కొట్టే వాసన ఒకటుంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అయితే తవ్వడం పొద్దున కూడా జరిగేది, దగ్గు మాత్రం మధ్యాహ్నమే వచ్చేది. సైన్సు చెప్పే దాన్ని, ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు.

అన్న రోజురోజుకూ నీరసపడ్డాడు. హైదరాబాద్ డాక్టరు ఒక ఊదే గొట్టం ఇచ్చాడు. గట్టిగా ఊదితే ముల్లు జరిగి ఊపిరి బలం ఎంతో చూపిస్తుంది. రోజుకు మూడుసార్లు ఊదించి నోటుబుక్కులో రాసేదాన్ని, పక్కన ఆ రోజు ఎండో మబ్బో, ఎక్కడికి పోయామో కూడా. పొద్దున మంచిగా పోయే ముల్లు సాయంత్రం చేను నుంచి రాగానే చతికిలబడేది. ఎండకు అలసిపోయాడనుకున్నాను. అందుకని మరునాడు ఇంకో అరగంట ఎక్కువ కూర్చోబెట్టాను.

నెలకోసారి చూపించుకోవడానికి హైదరాబాద్ పోయేవాళ్ళం. మార్చిలో అట్లా పోయినప్పుడు, మధ్యాహ్నం రెండు గంటలకు, అన్న ఇదివరకు ఉన్న చౌరస్తాలోనే బస్సు కోసం నిలబడ్డాం. ఎటు చూసినా పొగ. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అన్న నిటారుగా నిలబడి ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"చెల్లె, చూడు. ఇక్కడ నాకు దమ్ము మంచిగాడుతుంది. చేన్ల బిగవట్టినట్టు ఉండది," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్ని తిప్పలు పడి ఇంటికి తెచ్చుకుంటే ఈయన పొగను మెచ్చుకుంటున్నాడు!

"నీకు డిపో కాడి చాయ్ దోస్తులు యాదికొస్తున్నరు. గది చెప్పు. దమ్ము పేరు జెప్పి నాతోటి నాటకాలొద్దు," అన్నాను. బస్టాపులో నలుగురు తిరిగి చూశారు. "నీ కోసం బడికి పోయొచ్చి ఎండల స్కూటీ మీద తిప్పుతున్న. నీకేమో ఇక్కడి పొగ ముద్దొస్తుందా?"

అన్న నవ్వబోయి ఆగిపోయాడు. ఆ తరువాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. చేనుకు పోదాం పద అంటే లేచేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు చర్చి లోపల జనం పట్టరు కాబట్టి ఆవరణలో షామియానా వేస్తారు. ఎండ మెరిసిపోతోంది. తూర్పు నుంచి, అంటే హైదరాబాద్ వైపు నుంచి, గాలి వీస్తోంది. చల్లగానే ఉందని అందరం సంతోషించాం. రెండు గంటలప్పుడు ఐదో మాట వంతు వచ్చింది. అన్న తెల్ల చొక్కా గుండీలు సరిచేసుకుని మైకు ముందు నిలబడ్డాడు.

పల్లవి బాగా ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయింది. రెండోది కొంచెం పీలగా వచ్చింది. మూడో చరణంలో ఆ మాట దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, మెడ నరాలు తేలాయి, మైకులో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. జనం ఏమనుకున్నారో తెలుసా? దుఃఖం పొంగుకొచ్చిందనుకున్నారు. ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. నా పక్కనున్నామె "ఎంత భక్తే తల్లీ!" అంది. ఊపిరి అందక ఒక మనిషి మూడు వందల మంది ముందు ఉక్కిరిబిక్కిరి అవుతుంటే అందరం చేతులు జోడించి చూస్తున్నాం. ఆ ఈల దమ్ముదని నాకు అర్థమైంది. దమ్ముకు పీల్చే మందు పంపు తీసుకుని కుర్చీల మీంచి దూకినట్టే ఉరికాను.

దవాఖానలో ఆవిరి మందు పెట్టారు. గంటకు గాని పెదవులకు రంగు రాలేదు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నమ్మాయి, ఓపికగలది. నోటుబుక్కు చేతికిస్తే నిలబడే అన్ని పేజీలు తిప్పింది.

"మధ్యాహ్నాలు ఎక్కడుంటారు ఈయన?" అని అడిగింది.

"చేన్ల కూసుంటడు డాక్టర్. మంచి గాలికి," అన్నాను గొప్పగా.

"ఎండ బాగా ఉన్న రోజుల్లోనే పడిపోతోంది. మబ్బు పట్టిన రోజు చూడండి, పడలేదు. హైదరాబాద్ పోయిన రోజూ పడలేదు. నాకు ఓజోన్ అనిపిస్తోందమ్మా."

"ఓజోన్ పైన కదా ఉండేది?" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలతో భూమికి గొడుగు బొమ్మ గీయించి, గొడుగు మీద ఓజోన్ అని రాయించి, మార్కులు వేసిన నోరు అది.

"పైన ఉంటే మంచిది. కింద మనం పీల్చే చోట ఉంటే ఊపిరితిత్తుల లోపలి పొరను కాలుస్తుంది," అందామె. "ఇది ఏ గొట్టం లోంచీ రాదు. బండ్ల పొగ, ఫ్యాక్టరీ ఆవిర్లు ఎండలో ఉడికితే గాలిలోనే తయారవుతుంది. అందుకే మధ్యాహ్నం ఎక్కువ. కంటికి కనబడదు, ఆకాశం శుభ్రంగానే ఉంటుంది."

"పొగ ఉన్నది సిటీల కదా. మరి అక్కడ మంచిగుండి ఇక్కడ బిగవట్టుడేంది?"

"అక్కడే ఉంది కిటుకు. అప్పుడే బండి వదిలిన పొగలో ఒక వాయువు ఉంటుంది, అది ఓజోన్‌ను తినేస్తుంది. చౌరస్తాలో నిమిషం నిమిషం తాజా పొగే కాబట్టి ఓజోన్ నిలవదు. అక్కడ వేరే విషాలు ఉంటాయి, అదేం మంచి గాలి కాదు. కానీ ఆ పొగ గాలికి కొట్టుకుని సిటీ అంచులకు, అది దాటి ఊళ్ళ మీదికి పోయే కొద్దీ ఓజోన్ పెరుగుతుంది. తినేసే తాజా పొగ అక్కడ తక్కువ కదా. ఒకే సిటీలో నడుమ ఒక తీరు, అంచున ఒక తీరు. ఇక్కడిదాకా ఎంత వస్తోందో, ఇక్కడి హైవే పొగ నుంచి ఎంత పుడుతోందో నేను చెప్పలేను. ఎవరూ కొలవలేదు. కానీ ఈయన ఊపిరి చెబుతోంది." నోటుబుక్కు తిరిగిచ్చి, "లోతుగా ఊపిరి తీసేవాళ్ళకు ఇంకా చెరుపు. పాట పాడేవాళ్ళు, మట్టి తవ్వేవాళ్ళు," అంది.

అంటే పొద్దున గాలి కొంత నయంగా ఉన్నప్పుడు కిటికీలు మూశాను. సరిగ్గా విషం ముదిరే గంటకు, నా చేతులతో అన్నం పెట్టి, నా బండి మీద ఎక్కించుకుపోయి, లోపలిదాకా పీల్చమని పోరుపెట్టాను. మెడకు తాడు వేసి లాక్కుపోయినా ఇంత పద్ధతిగా చేసేదాన్ని కాదేమో.

అన్న మంచం పక్కన కూర్చున్నాను. "అన్నా, నువ్వు చౌరస్తాల చెప్పినవు. నేనే ఇనకపోతి. పైకెల్లి నలుగురిల తిడితి."

ముక్కుకు ఉన్న గొట్టం కొంచెం జరిపి, మెల్లగా అన్నాడు. "నువ్వు సైన్స్ టీచర్‌వు కదనే. నీకు తెలుసనుకున్న. నాకే ఏదో రోగం ముదిరింది అనుకున్న."

ఇంతకంటే ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని బాగా ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. నా మీద సగం. మిగతా సగం ఎవరి మీదో అప్పటికి నాకు తెలియదు.

పదిహేను రోజుల తరువాత తెలిసింది. నోటుబుక్కు పట్టుకుని హైదరాబాద్‌లో గాలి సంగతి చూసే ఒక ఆఫీసుకు పోయాను. కిటికీలన్నీ బిగించిన చల్లని గది. అధికారి మర్యాదస్తుడే, చాయ్ తెప్పించాడు.

"మీది అగ్రికల్చర్ ఏరియా కదమ్మా. మీ దగ్గర ప్యూర్ ఎయిర్. మేమే అక్కడికి వచ్చి ఉండాలి," అని నవ్వాడు.

"ఎట్ల తెలుసు సార్ ప్యూర్ అని?"

ఫోన్ తీసి చూపించాడు. అదే పచ్చ చుక్క.

"ఈ పచ్చ ఎక్కడికెల్లి వచ్చింది? మా ఊళ్ళ మీటర్ లేదు కద?"

"అది కంప్యూటర్ అంచనా మేడం. దగ్గర్లో ఉన్న మీటర్లను బట్టి వేస్తుంది."

"దగ్గర్ల అంటే ఎక్కడ సార్?"

ఆయన కాసేపు పటం అటూ ఇటూ జరిపాడు. దగ్గర్లో అన్నది మా ఊరి నుంచి వంద కిలోమీటర్ల అవతల, సిటీలో. చాయ్ చల్లారిపోతోంది తాగమన్నాడు.

"మాకు ఒక మీటర్ పెట్టున్రి," అన్నాను.

"కాలుష్యం ఉందని తేలితే తప్పకుండా ప్రపోజల్ పెడతాం."

"మీటర్ లేకుంట ఉన్నదని ఎట్ల తేలుతది?"

"అందుకే మేడం, ముందు డేటా కావాలి."

"డేటా ఎట్లొస్తది సార్, మీటర్ లేకుంట?"

నోటుబుక్కు ముందుకు జరిపాను. "ఇది ఒక్క పేషంట్‌ది కదమ్మా," అని రెండు వేళ్ళతో నా వైపే తోశాడు. రెండు వేళ్ళతో! నా అన్న మూడు నెలల ఊపిరి అది. మైకు ముందు నోరు తెరిచి నిలబడిన మనిషి అందులో ఉన్నాడు. అట్లా తోశాడని ఆ మనిషి మీద కోపం కాదు, అంటే ఉంది, లేదని అబద్ధమెందుకు. కానీ అంతకన్నా ఆ పద్ధతి మీద. కొలవని చోట లేదనుకోవడం, లేదని రంగు వేసి మా ఫోన్లకు పంపడం, ఆ రంగు చూసి మాలాంటి మూర్ఖులు రోగుల్ని ఎండలో కూర్చోబెట్టడం. కొలవలేదు, మాకు తెలియదు అని రాయడానికి ఏమొచ్చింది? అక్కడ బూడిద రంగు వేస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఆ ఎండాకాలమంతా రోజూ మూడు గంటలకు సిటీ మీటర్ల పేజీ తెరిచి చూశాను. డాక్టరమ్మ చెప్పిందే. చాలా రోజులు చౌరస్తా దగ్గరి మీటర్లో ఓజోన్ తక్కువ, చెట్లూ బండలూ ఉన్న సిటీ అంచు మీటర్లో ఎక్కువ. పచ్చగా కనిపించే వైపుకు పోయే కొద్దీ అంకె పెరుగుతోంది. అంచు దాటాక పటంలో మీటర్లు లేవు. అక్కడి నుంచి మా దాకా అంతా ఉత్త రంగే. బడి తెరిచాక గొడుగు పాఠం వచ్చిన రోజు, గొడుగు కింద రోడ్డు గీయించాను, రోడ్డు మీద లారీ గీయించాను, పైన ఎండ గీయించాను, నేల దగ్గర కూడా ఓజోన్ అని రాయించాను. పుస్తకంలో లేదు కదా టీచర్ అని పిల్లలు అడిగారు. మీ ఊపిరితిత్తుల్లో ఉంది రాసుకోండి అన్నాను.

ఇంట్లో అలవాటంతా తిరగేశాను. తెల్లవారుజామున కిటికీలు తీయడం, పదకొండు నుంచి అయిదు దాకా మూయడం. లారీల పొగ తగ్గగానే తలుపులు తెరిచే వాడకట్టుకు నేను పిచ్చిదానిలా కనిపించాను. కనిపించనీ. అన్న ముల్లు మెల్లగా లేచింది. పొద్దున వాకిట్లో కూర్చుని కూనిరాగం తీసేవాడు.

ఆ సంగతి కూలి గుంపు అక్కకు చెప్పాను, గొప్పకు పోయి. ఆమె అంతా విని, నడుము మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"మంచిగయింది. అన్నకు కిటికీలు మూస్తివి. మాకేం మూస్తవు టీచరమ్మా?"

తల కొట్టేసినట్టయింది. ఆమే మొదట చెప్పింది, కళ్ళు మండుతున్నాయని. నేనే ఘాటని నవ్వాను. ఆ తరువాత మా చేనులో పని తెల్లారగానే మొదలుపెట్టి పదకొండుకు ఆపేస్తున్నాం, కూలి తగ్గించలేదు. ఇదేమీ తేలిక కాదు. చీకటితో లేచి వండి రావాలని ఆ ఆడవాళ్ళే నన్ను చెరిగిపోశారు. పక్క చేన్ల వాళ్ళు కూలోళ్ళను చెడగొడుతున్నావని మొహం మాడ్చుకున్నారు. మా చేను రెండెకరాలు. పదకొండు దాటాక అక్క గుంపు వేరే చేన్లకు పోతుంది. అక్కడ సాయంత్రం దాకా తవ్వుతారు. నాకు తెలుసు.

ఈ ఏడు గుడ్ ఫ్రైడే దగ్గర పడింది. చర్చి పాస్టరు అయ్యగారి దగ్గరికి పోయి, ఆరాధన పొద్దున పెట్టుకుందామని అడిగాను. అయ్యగారు మంచివారు, నొచ్చుకున్నారు.

"ఆ మూడు గంటలు మధ్యాహ్నానివే గదమ్మా. దాన్నెట్ల మారుస్తం?"

"అయితే పక్కన స్కూల్ హాల్ తీపియ్యున్రి. తలుపులు, కిటికీలు మూసి లోపట కూసుంటరు."

కమిటీలో మాట్లాడారు. సిలువ ఎదురుగా కనబడాలని, షామియానా ఎప్పటినుంచో ఉన్నదేనని, గాలి కూడా బాగా ఆడుతుందని అన్నారట. గాలి బాగా ఆడుతుందట! పళ్ళు కొరుక్కుని ఇంటికి వచ్చాను. అన్న మాత్రం ఒక్కటే అడిగాడు.

"మరి పాట?"

"పాట పోనియ్య," అన్నాను. "నిన్ను పంపను. పాటా పోదు."

ఆ రోజు మధ్యాహ్నం అన్న గదిలో కిటికీ సందులకు తడిబట్టలు కుక్కి, తలుపు బిగించి, ఫోన్ బల్ల మీద పెట్టాను. అటు పక్క అయ్యగారు తన ఫోన్‌ను మైకు దగ్గర పట్టుకోవడానికి ఒప్పుకున్నారు. తడిబట్టలతో ఓజోన్ ఎంత ఆగుతుందో నాకు తెలియదు, నా మనసు ఊరుకోక పెట్టాను. రెండు గంటలు దాటాక అయ్యగారి గొంతు వినిపించింది. "అన్నా, మీ వంతు."

అన్న తెల్ల చొక్కా వేసుకుని, ఆ నాలుగు గోడల మధ్యే లేచి నిలబడ్డాడు. పల్లవి ఎత్తుకున్నాడు. మా ఇంటి గదిలో పాడిన మాట అర క్షణం తరువాత చర్చి లౌడ్‌స్పీకర్లోంచి బజారంతా తిరిగి మా మూసిన కిటికీని తడుతోంది. మొదటి చరణం, రెండో చరణం. మూడో చరణం దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. అన్న కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట అందుకున్నాడు. సాగదీశాడు. సాగుతూనే ఉంది. నాయన సాగదీసినంతా సాగి, చివర సన్నగా వంగి, దిగింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. సంతోషం కొంత, ఉక్రోషం ఎక్కువ. ఇంత గొంతున్న మనిషి, పచ్చ చుక్క ఉన్న ఊళ్ళో, దొంగలా గదిలో దాక్కుని దేవునికి పాడాలా?

పాట అయిపోయింది. అయ్యగారు ఫోన్ ఇంకా పెట్టేయలేదు. అటు నుంచి నిశ్శబ్దం రావాలి. నాయన రోజుల్లో అట్లాగే ఉండేది. దగ్గు వినిపించింది. ఒకటి ఆగకముందే ఇంకొకటి. ఒక పిల్ల దగ్గు, ఎవరో ముసలాయన తెరలు తెరలుగా. షామియానా కింద అంతా దగ్గుతున్నారు. ఆ రోజు అక్కడ అల్లం లేదు.

అన్న బల్ల మీదికి వంగి కాసేపు విన్నాడు. దగ్గుతున్న ఆ జనంలో కూలి గుంపు అక్క కూడా ఉందని మాకిద్దరికీ తెలుసు. ఆమెదీ మా చర్చే, ఆ రోజు కూలికి సెలవు. తల ఎత్తి నా వైపు చూశాడు.

"నా పాట అయిపాయె. వాళ్ళనూ లోపటికి పొమ్మనే."

నాకు ఎక్కడలేని కోపం గొంతులోకి వచ్చింది. ఫోన్ అందుకుని, గుడ్ ఫ్రైడే అని చూడకుండా, ఐదో మాట ఇంకా మొదలు కాలేదని చూడకుండా అరిచాను. "ఏం జూస్తున్నరు! హాల్ తలుపు తీయున్రి! పిల్లలను లోపటికి తీస్కపోన్రి!"

నా అరుపు లౌడ్‌స్పీకర్లోంచి హైవే దాకా పోయి, తిరిగి మా కిటికీకి తగిలింది. అటు ఎవరో తాళం చెవుల కోసం అడుగుతున్నారు, ఆ గొంతు అక్కదే. "గా టీచరమ్మ ఊకనే మొత్తుకోదు. లెవ్వున్రి," అంటోంది. ఆ తరువాత ఫోన్లో కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపించింది.